నేను కలిపేసిన ఇద్దరు

ప్రభుత్వ ఆరోగ్య శాఖకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు రోగి కనపడడు. మా ముందుకొచ్చేది ఒక వరస. అందులో పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు, ఆఖరి నెలసరి తేదీ, హిమోగ్లోబిన్ ఎంత, బీపీ ఎంత అని గళ్లుంటాయి. ఆ వరస వెనక ఒక మనిషి ఉంటుందని నాకు తెలియక కాదు. మనిషి సంగతి డాక్టర్లు చూసుకుంటారు, వరసను శుభ్రంగా ఉంచడమే నా వంతు అనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకుంటూ పనిచేశాను. ఆ బుద్ధితక్కువతనం ఎంత దూరం వెళ్లిందో, ఎవరి మీద పడిందో ఇక్కడ దాచకుండా రాస్తాను.

ఈ పనిలోకి రాకముందు హైదరాబాద్‌లో సరుకులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక కంపెనీలో ఉండేవాణ్ని. ఒకే మనిషి రెండు ఫోన్లతో రెండు ఖాతాలు తెరిస్తే ఆ రెంటినీ పట్టుకుని ఒకటి చెయ్యడం నాకు అక్కడే అబ్బిన విద్య. ఆ పనిలో పొరపాటు జరిగితే ఒకరికి రావలసిన డిస్కౌంట్ కూపన్ ఇంకొకరికి పోయేది. వాళ్లు ఫోన్ చేసి విసుక్కునేవారు, మేం సరిచేసేవాళ్లం. ఆ ధీమాతోనే తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు చూసే ప్రభుత్వ ప్రాజెక్టులోకి సీనియర్ ఇంజనీరుగా వచ్చాను. జీతం కాస్త తగ్గినా మంచి పని చేస్తున్నానన్న తృప్తి ఉండేది. ఆ తృప్తి కూడా నన్ను కొంత చెడగొట్టింది. మంచి పనికి పూనుకున్నవాడి చేతుల్లో చెడు జరగదని లోపల ఎక్కడో నమ్మాను.

ఆ వివరాలు పుట్టే చోటు ఉపకేంద్రం. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒకటి ఉండాలన్నది నిబంధన. అక్కడ ఏఎన్‌ఎం అనే ఆరోగ్య కార్యకర్త ఉంటుంది. ఆమెకు ఊళ్లోని ఆశా కార్యకర్తలు తోడు. ఫలానా ఇంటి కోడలికి నెల తప్పిందని ముందు తెలిసేది ఆశాకు. తర్వాత ఏఎన్‌ఎం వెళ్లి పేరు రాసుకుంటుంది, బరువు చూస్తుంది, రక్తం పరీక్షిస్తుంది, ఐరన్ మాత్రలిస్తుంది. అదంతా రిజిస్టర్‌లోకి, ఆ తర్వాత కంప్యూటర్లోకి ఎక్కాలి. తల్లులనూ పిల్లలనూ పేరుపేరునా నమోదు చేసే ఎంసీటీఎస్‌ను కేంద్రం 2009లో తెచ్చింది. అదే తర్వాత ఆర్‌సీహెచ్ పోర్టల్ అయింది. ఏఎన్‌ఎం చేతికి ట్యాబ్ ఇచ్చి అన్‌మోల్ యాప్‌లో నేరుగా నింపించడం 2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. దాని పక్కన బీపీ, షుగరు సర్వేకు ఇంకో యాప్, క్షయకు నిక్షయ్, టీకాలకు మరొకటి. ఇన్ని వచ్చినా ఏఎన్‌ఎం సంచీలోంచి కాగితం రిజిస్టర్ మాత్రం పోలేదు. దాన్ని నేను వెనకబాటుతనం కింద లెక్కవేశాను.

మా ఆఫీసుకు పెద్ద తలనొప్పి డూప్లికేట్లు. ఒకే గర్భిణి రెండుసార్లు, కొన్నిచోట్ల మూడుసార్లు నమోదయ్యేది. అందులో మోసమేమీ లేదు. అత్తగారి ఊళ్లో నెల తప్పగానే ఒకసారి రాస్తారు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. శ్రీమంతం అయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళ్తే అక్కడి ఏఎన్‌ఎం మళ్లీ రాస్తుంది. మధ్యలో టౌన్లో ప్రైవేటు ఆసుపత్రికి స్కానింగుకు వెళ్తే అక్కడ ఇంకోసారి. జననీ సురక్ష డబ్బు, మాతృ వందన డబ్బు ఎక్కడ పోతుందోనన్న భయంతో ఇంట్లోవాళ్లే మరోసారి రాయించుకునేవారు. దాంతో గర్భిణుల లెక్క జనాభా అంచనాను మించిపోయేది. సమీక్షా సమావేశాల్లో ఈ లెక్క తేలక పై అధికారులు కోప్పడేవారు. చివరికి ఆ పని నా బల్ల మీదికి వచ్చింది.

ఎగిరి గంతేసినంత సంతోషంతో తీసుకున్నాను. నాకు బాగా వచ్చిన పని అది.

రెండు వరసలు ఒకే మనిషివా కాదా అని తేల్చడానికి పేరు, ఊరు, వయసు, భర్త పేరు, ఫోన్ నంబరు పోల్చి చూస్తాం. ఎన్ని కలిస్తే అన్ని మార్కులు. మార్కులు ఒక గీత దాటితే ఇద్దరూ ఒకరే. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ మన ఊళ్లలో ఆ గళ్లలో ఏముంటుందో చూడండి. తాత పేరు మనవలందరికీ పెడతాం, నాయనమ్మ పేరు మనవరాళ్లందరికీ పెడతాం. ఒకే ఇంటిపేరుతో, ఒకే ఊళ్లో, ఒకే ఈడు వాళ్లు ఒకే పేరుతో ముగ్గురు నలుగురు ఉండటం వింత కాదు. పుట్టిన తేదీ చాలామందికి తెలియదు గనక జనవరి 1 అని పడుతుంది. ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే ఆ నంబరే అందరికీ. అదీ లేకపోతే ఆశా తన నంబరు రాస్తుంది. అలా ఒక ఫోన్ నంబరు కింద వీధి మొత్తం ఉంటుంది.

పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కేవి. లక్ష్మిని ఒకరు 'కె ఎస్ హెచ్'తో రాస్తే ఒకరు 'ఎక్స్'తో రాస్తారు. ఆ తేడాను దాటడానికి నేను సౌండెక్స్ అనే పద్ధతి వాడాను. అమెరికాలో 1918లో పేటెంటు పొందిన పద్ధతి అది. అక్కడి ఇంటిపేర్ల కోసం పుట్టింది. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, దగ్గరి ధ్వనులున్న హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. లక్ష్మి ఎలా రాసినా ఒకే కోడ్ వచ్చింది. అది చూసి మురిసిపోయి, మిగతా పేర్లు పరీక్షించకుండానే ముందుకు పోయాను. ఆ పద్ధతిలో సీత, సుధ, స్వాతి ముగ్గురికీ ఒకే కోడ్. రమ, రమ్య, రాణి, రేణు నలుగురికీ ఒకే కోడ్. శాంతికీ సంధ్యకూ ఒకటే. లక్ష్మమ్మకూ లక్ష్మణ్‌కూ కూడా ఒకటే. పుట్టినప్పటి నుంచీ ఈ పేర్ల మధ్య పెరిగినవాణ్ని, ఒక్క సాయంత్రం కూర్చుని మా బంధువుల పేర్లు ఇచ్చి చూసినా బయటపడేది. చూడలేదు.

ఇంతకన్నా పెద్ద తప్పు తెలిసి చేసింది. ఈ రికార్డులు కలిపే శాస్త్రానికి మూలం అనదగిన వ్యాసం 1969లో వచ్చింది. కెనడాలో పనిచేసిన ఇవాన్ ఫెల్లెగి, అలన్ సంటర్ రాశారు. అందులో యంత్రం చెప్పవలసిన జవాబులు రెండు కాదు, మూడు: ఇద్దరూ ఒకరే, ఇద్దరూ వేరు, తేల్చలేను. ఆ మూడోదానిలో పడ్డవాటిని మనిషి చూసి నిర్ణయించాలి. ఇంకో మాట కూడా అందులో ఉంది. అరుదైన పేరు కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ మార్కులు వెయ్యాలి. నేను ఆ వ్యాసం చదివాను. జూనియర్లకు పాఠంగా చెప్పాను కూడా. తీరా నా పనికొచ్చేసరికి పేర్ల మార్కులు పాత కంపెనీలో వాడినవే తెచ్చి పెట్టాను. మూడో గడిని తీసేశాను. అందులో పడ్డ జంటలు చాలా ఎక్కువ, వాటిని చూడటానికి మనుషుల్లేరు, సమీక్ష దగ్గర పడింది. గీత కాస్త కిందికి జరిపితే తేల్చలేనివన్నీ తేలిపోతాయి. జరిపాను.

కలిపిన తీరు కూడా చెప్పాలి, ఈ పని తెలిసినవాళ్లకు అసలు దోషం అక్కడే కనిపిస్తుంది. రెండు వరసలను పక్కపక్కన ఉంచి, మధ్యలో 'ఈ రెండూ ఒకరివే కావచ్చు' అని ఒక ముడి వేస్తే చాలు. అది తప్పని తేలితే ముడి విప్పొచ్చు. నేను అలా చెయ్యలేదు. రెంటినీ ఒకటి చేసి, ఏ గడిలోనైనా రెండు విలువలుంటే తర్వాతి తేదీది ఉంచి ముందుది చెరిపేశాను. ఆఖరి నెలసరి తేదీలు తేడాగా ఉంటే దాన్నీ అనుమానించలేదు. స్కానింగు తర్వాత తేదీలు సవరిస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

సమీక్షలో నా స్లైడ్లకు మంచి పేరొచ్చింది. గర్భిణుల లెక్క అంచనాకు దగ్గరగా దిగింది. దానితో పాటు ఇంకో గ్రాఫు కూడా దిగింది, తీవ్ర రక్తహీనత ఉన్నవాళ్ల సంఖ్య. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తహీనత, 7 కన్నా తక్కువుంటే తీవ్రం. అంత తీవ్రంగా ఉన్నవాళ్లు మందులతో మెరుగవుతున్నారని ఆ గ్రాఫు చూసి అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఒక్క నెలలో అంతమంది రక్తం ఎలా పెరిగిందని అడగవలసినవాణ్ని నేనే. అడగలేదు, ఆ మెప్పు తీసుకున్నాను.

కోవిడ్ రోజుల్లో ఇంగ్లండ్‌లో జరిగింది గుర్తుంది. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు తేలిన 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించారు, అందులో 65,536 వరసలకు మించి పట్టవు. మించినవి చప్పుడు చెయ్యకుండా రాలిపోయాయి. ఆ పాజిటివ్‌లతో కలిసి తిరిగినవాళ్లను వెతకడం ఆ మేరకు ఆలస్యమైంది. ఆ వార్త చదివి నేను వాళ్లను చులకనగా చూశాను. నా పైప్‌లైన్‌లో ఎక్సెల్ లేదు, పైథాన్, పోస్ట్‌గ్రెస్ ఉన్నాయి, ప్రతి దశకూ పరీక్షలున్నాయి. నిజమే, నా పరీక్షలన్నీ పాసయ్యాయి. కలిపాక ఒక్క వరసా ఖాళీగా లేదు, ఒక్క తేదీ వంకరగా లేదు. లేని మనిషి కోసం వెతికే పరీక్ష ఒక్కటి కూడా నేను రాయలేదు.

జిల్లా కేంద్రంలో ఏఎన్‌ఎంలకు కొత్త యాప్ మీద శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి వెళ్లాను. భోజనాల వేళ ఒక ఏఎన్‌ఎం నా దగ్గరికొచ్చింది. యాభై దాటిన మనిషి. సంచీలోంచి రిజిస్టర్ తీసి, ఎర్ర సిరాతో గీత గీసిన ఒక పేరు చూపించింది.

"సార్, ఈ అమ్మాయి మీ ట్యాబులో లేదండి. రాద్దామంటే ముందే నమోదైందని చెబుతోంది. తెరిస్తే వేరే అమ్మాయి వస్తోందండి."

నేను చూసి, అది డూప్లికేట్ అమ్మా, సిస్టమ్ కలిపేసింది, మీరు ఉన్నదాన్లోనే రాయండి అన్నాను.

"డూప్లికేటు కాదండి. వీళ్లిద్దరూ తోడికోడళ్లు. ఒకే ఇల్లు. ఫోను మామగారిది. ఈ అమ్మాయికి రక్తం 6.4 ఉంది. ఆ అమ్మాయికి 10.8. మీది ఇప్పుడు 10.8 చూపిస్తోంది సార్."

ఆ పక్కనే నిలబడి ల్యాప్‌టాప్‌లో రెండు పాత వరసలు తెరిచి చూశాను. పేర్లు రాయను. ఇద్దరి పేర్లూ ఒకే దేవత పేరుతో మొదలవుతాయి, సౌండెక్స్ కోడ్ ఒకటే. ఇంటిపేరు ఒకటే. భర్తలు అన్నదమ్ములు, ఇద్దరికీ తాత పేరే, చివర్లో మాత్రమే తేడా. ఇద్దరి పుట్టిన తేదీలూ జనవరి 1. ఆఖరి నెలసరి తేదీల మధ్య ఐదు వారాలు. నా గీతను సులువుగా దాటేశారు. హిమోగ్లోబిన్ గడిలో తర్వాతి తేదీది నిలిచింది, ముందుది చెరిగిపోయింది. 6.4 ఉన్న అమ్మాయి ప్రమాదకర గర్భిణుల జాబితాలోంచి మాయమైంది. స్లైడులో నేను చూపించిన మెరుగుదలలో ఆమె ఒకతె.

ఏడో నెల దాటినవాళ్లకు హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువుంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. మామూలు మనిషి తట్టుకునే రక్తస్రావం కూడా అలాంటి తల్లి ప్రాణం తీస్తుంది. ఆ అమ్మాయి ఏడో నెల దాటింది. నాకు మాట రాలేదు. ఇప్పుడెక్కడుంది అని అడిగాను.

"ఏరియా ఆసుపత్రిలో చేర్పించానండి. రక్తం ఎక్కించారు. 9 దాటింది."

జాబితాలో లేకపోతే 108కు, ఆసుపత్రికి ఎలా చెప్పావమ్మా అన్నాను. రిజిస్టర్ చూపించింది. తన చేతిరాత, తన ఎర్ర గీత పట్టుకుని డాక్టరు దగ్గర కూర్చుని ఒప్పించింది. ట్యాబ్ సంగతి హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పిందట. తిరిగొచ్చి టికెట్ వెతికాను. ఉంది. మా బృందమే దాన్ని 'డూప్లికేట్, పరిష్కరించాం' అని మూసేసింది. ఆ నియమం రాసింది నేను.

ఆ తల్లి తర్వాత క్షేమంగా ప్రసవించింది. అందులో నా చెయ్యి ఏమీ లేదు. నేను వెనకబాటుతనం అనుకున్న కాగితం రిజిస్టరూ, దాన్ని మొయ్యడం మానని ఒక ఉద్యోగినీ ఉన్నందువల్ల క్షేమంగా ప్రసవించింది. ఆమె కూడా ట్యాబ్‌నే నమ్మి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించకుండా ఉండలేను. ఎన్ని ఊళ్లలో ఎంతమంది అలా నమ్మి ఊరుకున్నారో కూడా ఆలోచించకుండా ఉండలేను.

2018–20 నమూనా నమోదు లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశం మొత్తం మీద 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఇంతవరకు దించడానికి ఏఎన్‌ఎంలు, ఆశాలు, మంత్రసానులు, 108 సిబ్బంది, కాన్పు గదుల్లో డాక్టర్లు, నర్సులు ఎంత కష్టపడ్డారో లెక్కకు అందదు. ఇంకా మిగిలిన ఆ సంఖ్య ఒక్కొక్కరుగా తగ్గవలసినదే. పెద్ద సగటులను చూడటానికి అలవాటుపడ్డ నా కంటికి ఆ ఒక్కొక్కరు ఆనలేదు. లక్షల వరసల్లో కొద్దిపాటి పొరపాటు శాతాన్ని మేం మంచి ఫలితం అంటాం. ఆ శాతంలో పడేది ఎవరు అన్నది అడగాలి. అందరికీ సమానంగా పడదది. వేరు ఫోన్ ఉన్నవాళ్లు, పుట్టిన తేదీ పత్రం ఉన్నవాళ్లు, అరుదైన పేరున్న చదువుకున్న ఇళ్లవాళ్లు నా గీత కింద క్షేమంగా వేరుగానే మిగిలారు. ఒకే ఫోన్, ఊహించి వేసిన తేదీ, అమ్మవారి పేరు ఉన్నవాళ్లే ఒకరిలో ఒకరు కలిసిపోయారు. పేదరికం ఎక్కువున్న చోటే నా తప్పు ఎక్కువ పడింది.

చెరిపేసినవాటిని పాత బ్యాకప్‌లలోంచి తెచ్చి విడదీశాం. అన్నీ విడిపోలేదు. మిగిలిన జంటల జాబితాలు ఉపకేంద్రాలకు పంపి, రిజిస్టర్లతో సరిచూసి చెప్పమని అడగవలసి వచ్చింది. నా తప్పు దిద్దే పని కూడా ఆ ఏఎన్‌ఎంల నెత్తినే పడింది.

ఆ తర్వాత, నాకు రిజిస్టర్ చూపించిన ఏఎన్‌ఎం ఉపకేంద్రానికి వెళ్లాను. బుధవారం, టీకాల రోజు. అంతకుముందే వెళ్లి ఉండవలసింది. పొద్దున్నే వ్యాక్సిన్ డబ్బా వచ్చింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వరండా నిండా కూర్చున్నారు. ఒకమ్మాయిని ఆఖరి నెలసరి ఎప్పుడని అడిగితే తేదీ చెప్పలేదు, సంక్రాంతి ముందు అమావాస్య దాటాక అంది. ఏఎన్‌ఎం గోడ మీది క్యాలెండర్ వైపు చూసి, ఆ అమావాస్య వెతికి, నాలుగు రోజులు కలిపి తేదీ వేసింది. దానికి 280 రోజులు కలిపి కాన్పు తేదీ చెప్పింది. నా డేటాబేస్‌లో నేను నమ్మిన తేదీలన్నీ ఇలా పుట్టాయి. అవి తప్పని అనను. అంతకన్నా జాగ్రత్తగా ఎవరూ వెయ్యలేరు. కానీ ఆ తేదీ వెనక ఎంత అంచనా ఉందో ఆమెకు తెలుసు, నాకు తెలియదు. అది పట్టుకునే గడి నేను కట్టలేదు.

ట్యాబ్‌లో నమోదు ఎప్పుడు చేస్తారని అడిగాను. పగలు సిగ్నల్ రాదు, వచ్చినా యాప్ తిరుగుతూనే ఉంటుంది, రాత్రి అన్నాలయ్యాక డాబా ఎక్కి కూర్చుని ఎక్కిస్తానంది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఈ రోజుకీ తగ్గలేదు. ఎందుకంటే అంతకు ముందు ఏడాది నేనే ఒక జాబితా తయారుచేశాను. రాత్రి పదింటి తర్వాత వరసగా నమోదులు ఎక్కిస్తున్న ఉపకేంద్రాలు, హిమోగ్లోబిన్ గడిలో అందరికీ 10 అని ఒకే అంకె వస్తున్న ఉపకేంద్రాలు. ఇంట్లో కూర్చుని ఊహించి నింపుతున్నారని నా అనుమానం. ఆ జాబితా పైకి వెళ్లింది, పైనుంచి మెమోలు కిందికి వచ్చాయి. అందరికీ 10 ఎందుకు వచ్చిందో కూడా ఆ రోజే తెలిసింది. రక్త పరీక్ష స్ట్రిప్పులు నెలల తరబడి రాలేదు. పాత సాహ్లీ గొట్టంలో రంగు కంటితో పోల్చి చూస్తే దశాంశం దాకా ఎవరూ చెప్పలేరు, దగ్గరి అంకె వేస్తారు. యాప్ ఏమో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. ఖాళీ వదలనివ్వని నియమం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. స్ట్రిప్పుల స్టాకు వివరాలు మా సర్వర్‌లోనే వేరే పట్టికలో ఉన్నాయి. రెంటినీ కలిపి చూడాలని నాకు తోచలేదు. కలపకూడని మనుషులను కలిపాను గానీ కలపవలసిన పట్టికలను కలపలేదు.

ఆ మెమోల జాబితాలో ఆమె ఉపకేంద్రం కూడా ఉందని ఇంటికొచ్చి చూసుకున్నాను. ఆమె ఆ మాట నా దగ్గర ఎత్తనే లేదు. మరోసారి కలిసినప్పుడు క్షమించమని అడిగాను. సరేలెండి సార్ అంది. ఆ మెమో ఆమె సర్వీసు ఫైల్లోంచి తీయించడానికి రాసిన ఉత్తరాలకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.

ఇంకొకటుంది, అది క్లుప్తంగా చెబుతాను, చెప్పడానికి కూడా మనసొప్పదు గనక. ఒక జబ్బు ఎక్కడెక్కడ ఉందో ఊరూరా చుక్కలతో మ్యాపు వేసి సమావేశంలో పంచాను. పేర్లు లేవు, వ్యక్తిగతమైనదేదీ లేదనుకున్నాను. ఒక చిన్న తండా మీద ఒక్కటే చుక్క ఉంది. ఆ తండాలో ఆ చుక్క ఎవరో అందరికీ తెలిసిపోయింది. పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే అమెరికా జనంలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని లటాన్యా స్వీనీ 2000లోనే చూపించారు. అక్కడి ప్రభుత్వ వైద్య బీమా సంస్థ 11 కన్నా తక్కువున్న సంఖ్యను ఏ పట్టికలోనూ బయటపెట్టనివ్వదు. అవి నాకు పాఠం చెప్పేంత బాగా తెలుసు. మనకు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా ఆ తండాకు ఒక్కసారి వెళ్లి చూసినవాడు ఆ చుక్క పెట్టడు.

ఇప్పుడు నా పని పద్ధతి మారింది. ఏ రెండు వరసలనూ చెరిపి కలపను, పక్కన ముడి మాత్రమే వేస్తాను. తేల్చలేనివాటి గడి తిరిగి పెట్టాను, అది ఆ ఊరి ఏఎన్‌ఎం ట్యాబ్‌కే వెళ్తుంది, ఇద్దరా ఒకరా అని ఆమె చెబుతుంది. ఈ పని కూడా ఆమె మీద భారమే, అందుకని వారానికి కొన్నే వెళ్లేలా చూశాం, దానికి బదులు రెండుచోట్ల రాసేవి కొన్ని తీసేయించాం. తీవ్ర రక్తహీనత ఉందని ఒకసారి రాసినవారు కొత్త పరీక్షా, చికిత్సా నమోదు కాకుండా జాబితాలోంచి పోరు. 'పరీక్ష చెయ్యలేదు, స్ట్రిప్పులు లేవు' అని రాసే వీలు హిమోగ్లోబిన్ గడిలో ఉంది. ఆ వీలు పెట్టాక మా గ్రాఫుల్లో ఖాళీలు పెరిగాయి, సమీక్షల్లో మాటలు పడ్డాం. పడతాం. ఆ ఖాళీలు చూసే స్ట్రిప్పులు కొంత త్వరగా వస్తున్నాయి.

2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా నంబరు అందరికీ వస్తే ఈ డూప్లికేట్ల గొడవే ఉండదని నా తోటివాళ్లు చాలామంది అంటారు. నేనూ కొంతకాలం అన్నాను. నంబరు మంచిదే, ఉండాలి. అయితే ఒకే ఫోన్‌తో ఇంటిల్లిపాదికీ ఆ నంబర్లు తీయొచ్చు, ఎవరి నంబరు ఎవరి వరసలో పడిందో యంత్రానికి తెలియదు. తోడికోడళ్లిద్దరినీ ఎరిగిన మనిషి అప్పుడూ అవసరమే. ఆమె మాట వినే చోటు సాఫ్ట్‌వేర్‌లో ముందే కట్టి ఉండాలి, తర్వాత అతికిస్తే అతకదు.

ఆరోగ్య శాఖ అధికారులకు ఒక మనవి. మేమిచ్చిన జాబితా మీద సంతకం పెట్టి మెమో పంపేముందు ఆ ఉపకేంద్రానికి ఒక ఫోన్ చెయ్యండి. స్ట్రిప్పులు ఉన్నాయా, సిగ్నల్ ఉందా, పోస్టులన్నీ భర్తీ అయ్యాయా అని అడగండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లకు ఒక మనవి. చేరిన నెలలోనే ఒక బుధవారమో శనివారమో ఉపకేంద్రానికి వెళ్లి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏఎన్‌ఎం పక్కన కూర్చోండి. రిజిస్టర్ ఎలా నిండుతుందో చూసి, ఆమెకు ఏ గడి కావాలో అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే మీ మొదటి పట్టిక కట్టండి.